డ్రోన్ లైవ్ వీడియో టీవీలోకి, ఎల్‌ఈడీ వాల్ మీదకి, గాగుల్స్‌లోకి తక్కువ ఖర్చులో ఎలా తెచ్చుకోవాలి

పెళ్లిలో పైనుంచి తీస్తున్నది స్టేజీ పక్కన స్క్రీన్ మీద కనపడాలి అంటారు ఒకరు, ఇంట్లో అందరూ ఒక్క ఫోన్ మీద పడిపోకుండా టీవీలో చూడాలి అంటారు ఇంకొకరు, డ్రోన్ కెమెరా బొమ్మని కళ్ల ముందే చూపించే గాగుల్స్ పెట్టుకుని ఎగరేయాలని మూడో ఆయన. వినడానికి అన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ కొనాల్సిన సామాను మాత్రం పూర్తిగా వేరు. అందుకే షాపింగ్ యాప్ తెరిచే ముందు ఒక్కటి తేల్చుకోండి, ఆ స్క్రీన్ చూసి డ్రోన్ ఎగరేసేవాళ్లున్నారా, లేక ఊరికే చూసేవాళ్లేనా? ఊరికే చూసేవాళ్లకి బొమ్మ రెండు సెకన్లు లేటొచ్చినా తెలియను కూడా తెలియదు. ఎగరేసేవాడికి అర సెకను లేటైతే చాలు, కొబ్బరి చెట్టు ఎక్కించేస్తాడు. ఈ ఫీల్డ్‌లో డబ్బంతా పోయేది ఆ డిలే తగ్గించడానికే, కాబట్టి జనం చూసే స్క్రీన్ కోసం ఖరీదైన సామాను అస్సలు కొనకండి, ఇంట్లో మూల పడున్న వాటితోనే అయిపోతుంది. మీరు మాత్రం ఎప్పుడూ రిమోట్ మీద స్క్రీన్ చూసే ఎగరేయండి, టీవీ చూసి కాదు.

ముందు మీ రిమోట్ చూడండి

దారి ఏదో డిసైడ్ చేసేది డ్రోన్ కాదు, రిమోట్. డ్రోన్లు చేసే డీజేఐ కంపెనీ వాళ్ల ఆర్‌సీ ఎన్1, ఎన్2 లాంటివి ఫోన్ తగిలించే రిమోట్లు. డీజేఐ ఆర్‌సీ, ఆర్‌సీ 2 లకి స్క్రీన్ వాటిలోనే ఉంటుంది కానీ హెచ్‌డీఎంఐ పోర్ట్ లేదు, చాలామంది ఇది చూసుకోకుండా కొనేసి తర్వాత టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొని అదీ పని చేయక తల పట్టుకుంటారు. ఆర్‌సీ ప్రో కి మినీ హెచ్‌డీఎంఐ ఉంది, పాత స్మార్ట్ కంట్రోలర్‌కి హెచ్‌డీఎంఐ ఉంది. బొమ్మల షాపులో దొరికే వైఫై డ్రోన్లయితే ఫోనే నేరుగా డ్రోన్ వైఫైకి కనెక్ట్ అవుతుంది. మీరే టంకం పెట్టి కట్టుకున్న ఎఫ్‌పీవీ డ్రోన్ (డ్రోన్ కెమెరా కంటితోనే చూస్తూ ఎగరేసేది) అయితే దాని కథ వేరే, గాగుల్స్ దగ్గర చెప్తాను.

మన దగ్గర 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద బ్యాన్ ఉంది కదా, అందుకని చాలామంది చేతుల్లో ఉన్నవి డీజేఐ మినీ 2 లాంటి పాత మోడల్సే, సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నవీ అవే. వాటికి ఫోన్ రిమోటే కాబట్టి దానితోనే మొదలెడదాం.

ఫోన్ రిమోట్ ఉంటే ముందు కాస్టింగ్ ట్రై చేయండి

ఫోన్‌కి ఉన్నది ఒకటే పోర్టు, అది రిమోట్ కేబుల్‌కే పోయింది, కాబట్టి వైరుతో టీవీకి ఇవ్వడం అనే ఆలోచన వదిలేయండి. వైర్‌లెస్సే దారి, అంటే ఫోన్ స్క్రీన్‌ని గాల్లోనే టీవీకి పంపే కాస్టింగ్. శామ్‌సంగ్‌లో స్మార్ట్ వ్యూ అంటారు, మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో కాస్ట్ అనో స్క్రీన్ కాస్ట్ అనో ఉంటుంది, ఐఫోన్ అయితే ఎయిర్‌ప్లే ఉన్న టీవీ కావాలి. ఆరుబయట వైఫై ఉండదు కదా అని భయపడొద్దు, మిరాకాస్ట్ పద్ధతిలో అయితే ఫోనూ టీవీ ఒకదానితో ఒకటి నేరుగా కలుస్తాయి, మధ్యలో రౌటర్ అక్కర్లేదు. టీవీ పాతదైతే మిర్రరింగ్ ఉన్న ఫైర్ టీవీ స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐకి గుచ్చి, దాని రిమోట్‌లో హోమ్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే మిర్రరింగ్ ఆప్షన్ వస్తుంది.

కాస్ట్ నొక్కేముందు రెండు పనులు చేయండి. ఒకటి, డూ నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి. లేదంటే పెళ్లికూతురు మండపంలోకి వస్తున్న టైంలో మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్, ఈఎంఐ బౌన్స్ మెసేజ్ అన్నీ ఐదొందల మంది ముందు స్క్రీన్ మీద పడతాయి. రెండోది, డీజేఐ ఫ్లై యాప్‌లో మూడు చుక్కలు నొక్కి ట్రాన్స్‌మిషన్‌లోకి వెళ్లి ఫ్రీక్వెన్సీ చూడండి. డ్రోన్ సిగ్నలూ, కాస్టింగ్ వైఫై రెండూ 2.4, 5.8 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే తిరుగుతాయి, రెండూ ఒకే బ్యాండ్‌లో పడితే ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి. కాస్టింగ్ 5 మీద నడుస్తుంటే డ్రోన్‌ని 2.4 కి మార్చేయండి, లేదా తిప్పి. టీవీ మీకు దగ్గర్లో ఉంటే మంచిది, ఇరవై మీటర్ల అవతల షామియానాలో ఉంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

కాస్టింగ్‌తో వచ్చే చిక్కేంటంటే యాప్‌లో ఉన్న బటన్లు, బ్యాటరీ శాతం, మ్యాపు, అన్నీ టీవీలో కనపడతాయి. ఇంట్లో అయితే పర్లేదు, ఫంక్షన్‌లో బాగోదు. పైగా ఎండాకాలంలో ఎండలో డ్రోన్ యాప్, కాస్టింగ్ రెండూ ఒకే ఫోన్ మీద నడిపితే ఫోన్ కాలిపోతూ ఉంటుంది, బ్రైట్‌నెస్ దానంతటదే తగ్గిపోతుంది, ఆ తర్వాత మీకే స్క్రీన్ కనపడదు. అందుకే ఫంక్షన్లకి నేను చెప్పేది కింద పద్ధతే.

పాత రౌటర్, ఒక ల్యాప్‌టాప్

నా లెక్కలో పైసా ఖర్చు లేకుండా క్వాలిటీ ఇచ్చేది ఇదే, హెచ్‌డీఎంఐ లేని ఆర్‌సీ, ఆర్‌సీ 2 వాళ్లకీ ఇదే దిక్కు. డీజేఐ ఫ్లైలో యూట్యూబ్ లైవ్ కోసం ఆర్‌టీఎంపీ (లైవ్ వీడియోని ఒక అడ్రస్‌కి పంపే పద్ధతి) అని ఒక ఆప్షన్ ఇస్తారు. దానికి యూట్యూబ్ అడ్రస్ బదులు మన ల్యాప్‌టాప్ అడ్రస్ ఇస్తాం, అంతే. ఇంటర్నెట్ అక్కర్లేదు, డేటా ఖర్చు కాదు. ఊరి బయట తోటలో సిగ్నల్ లేని చోట కూడా నడుస్తుంది.

ఇంట్లో కూర్చుని ముందే చేయాల్సినది: ల్యాప్‌టాప్‌లో డ్రోన్ వీడియోని అందుకుని స్క్రీన్లకి పంచే మీడియాఎంటీఎక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ గిట్‌హబ్ నుంచి విండోస్ జిప్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి ఒక ఫోల్డర్‌లో విప్పేయండి. ఇన్‌స్టాల్ చేసేదేం లేదు, డబుల్ క్లిక్ చేస్తే నల్ల విండో ఒకటి తెరుచుకుని నాలుగైదు లైన్లు పడతాయి. మొదటిసారి విండోస్ ఫైర్‌వాల్ అడుగుతుంది, అప్పుడు అలౌ కొట్టాలి. ఇక్కడ క్యాన్సిల్ కొట్టేసినవాళ్లు తర్వాత ఎంత ట్రై చేసినా వీడియో రాదు, ఎందుకు రావట్లేదో అర్థం కూడా కాదు. పనిలో పని, ఆ వీడియోని పెద్ద స్క్రీన్ మీద చూపించడానికి ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోండి, అదీ ఫ్రీయే.

ఇప్పుడు నెట్‌వర్క్. కంపెనీ మార్చినప్పుడు అటక మీద పడేసిన పాత వైఫై రౌటర్ దింపండి. దానికి నెట్ కనెక్షన్ ఇవ్వక్కర్లేదు, కరెంటు ఇస్తే చాలు, ల్యాప్‌టాప్‌ని దాని ల్యాన్ పోర్టుకి కేబుల్‌తో కలపండి, వైఫైతో కంటే గట్టిగా ఉంటుంది. రౌటర్ లేకపోతే విండోస్ మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేయొచ్చు, కానీ ఏదో ఒక నెట్ కనెక్షన్ లేకుండా అది ఆన్ అవనని మొరాయిస్తుంది, అప్పుడు వేరే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి ఊరుకోబెట్టాలి. హాట్‌స్పాట్ అయితే ల్యాప్‌టాప్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) మామూలుగా 192.168.137.1 ఉంటుంది. రౌటర్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లీషులో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి ఐపీవీ4 లైన్‌లో ఏముందో చూసి ఒక చీటీ మీద రాసుకోండి.

తర్వాత ఫోన్‌ని, లేదా స్క్రీన్ ఉన్న రిమోట్‌ని ఆ వైఫైకి కనెక్ట్ చేయండి. నెట్ లేదు, అయినా కనెక్ట్ అయ్యే ఉండాలా అని అడిగితే ఎస్ అనండి. ఫోన్ అయితే మొబైల్ డేటా ఆఫ్ చేసేయండి, లేకపోతే నెట్ లేని వైఫైని వదిలేసి ఫోన్ తెలివిగా డేటా మీదకి వెళ్లిపోతుంది, స్ట్రీమ్ తెగిపోతుంది.

డ్రోన్ ఆన్ చేసి, డీజేఐ ఫ్లైలో మూడు చుక్కలు, ట్రాన్స్‌మిషన్, అక్కడ లైవ్ స్ట్రీమింగ్ ప్లాట్‌ఫామ్స్, అందులో ఆర్‌టీఎంపీ. అడ్రస్ గళ్లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఆర్‌టీఎంపీ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, మీ ఐపీ, ఒక స్లాష్, చివర్లో డ్రోన్ అని ఇంగ్లీషులో టైప్ చేయండి. మధ్యలో ఎక్కడా స్పేస్ పడకూడదు, ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దది చేస్తుంది, అది సరి చేయండి. పోర్ట్ నంబర్ అడిగితే 1935. రిజల్యూషన్ 720 చాలు, మినీ 2 నుంచి రిమోట్‌కి వచ్చేదే 720, అందుకని 1080 పెట్టినా కొత్తగా వచ్చే క్లారిటీ ఏమీ ఉండదు. స్టార్ట్ నొక్కగానే ల్యాప్‌టాప్‌లో నల్ల విండోలో కొత్త లైన్ పడి, డ్రోన్ అనే పాత్‌కి స్ట్రీమ్ వస్తోందని చూపిస్తుంది. ఆ లైన్ పడిందంటే పని అయిపోయినట్టే, ఇక చూపించడమే మిగిలింది.

చూపించడానికి రెండు దారులు. స్క్రీన్ ఒకటే అయితే ఓబీఎస్‌లో మీడియా సోర్స్ పెట్టి లోకల్ ఫైల్ టిక్ తీసేసి, ఇన్‌పుట్‌లో అదే అడ్రస్ ఇవ్వండి, ఐపీ స్థానంలో లోకల్‌హోస్ట్. నెట్‌వర్క్ బఫరింగ్ బాగా తగ్గించండి, డిలేలో సగం అక్కడే కూర్చుని ఉంటుంది. తర్వాత ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ ఎల్‌ఈడీ వాల్ వాళ్లకో, వీడియో మిక్సర్‌కో ఇచ్చి, ప్రివ్యూ మీద రైట్ క్లిక్ చేసి ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్‌లో రెండో స్క్రీన్ ఎంచుకోండి. యాప్ బటన్లేవీ రావు, కెమెరా బొమ్మ ఒక్కటే శుభ్రంగా వస్తుంది, కావాలంటే కింద పెళ్లికొడుకు పెళ్లికూతురు పేర్లు వేసుకోవచ్చు. మిక్సర్ అబ్బాయి దగ్గర ఒక ఇన్‌పుట్ ఖాళీ ఉంచమని పొద్దున్నే చెప్పండి, ముహూర్తం టైంకి అడిగితే వినిపించుకోడు.

స్క్రీన్లు ఎక్కువుంటే, అంటే నలుగురు ఫోన్లలో చూడాలనుకుంటే, అందరినీ అదే వైఫైకి కలిపి బ్రౌజర్‌లో ఐపీ, కోలన్, 8889, స్లాష్, డ్రోన్ అని కొట్టమనండి. యాప్ ఏమీ అక్కర్లేదు, వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లో లైవ్ వీడియో చూపించే పద్ధతి) మీద వస్తుంది కాబట్టి డిలే కూడా తక్కువే. సౌండ్ రాకపోవచ్చు, డ్రోన్ వీడియోకి దానితో పని కూడా లేదు. స్మార్ట్ టీవీల్లో ఉండే బ్రౌజర్‌కి అది అరగకపోతే 8889 బదులు 8888 ట్రై చేయండి, కాస్త ఎక్కువ లేటుగా వచ్చినా ప్లే అవుతుంది.

రౌటర్ ఏ బ్యాండ్‌లో ఉందో, డ్రోన్ ఏ బ్యాండ్‌లో ఉందో పైన చెప్పిన రూల్ ఇక్కడా వర్తిస్తుంది, మర్చిపోకండి.

రిమోట్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే

మీ పని సులువు. ఆర్‌సీ ప్రో అయితే మినీ హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి, మైక్రో కాదు, కేబుల్ కొనేటప్పుడు చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవాలంటే యూఎస్‌బీ క్యాప్చర్ కార్డ్, చౌకవి వెయ్యి లోపు దొరుకుతాయి, డబ్బా మీద 4కే అని ఉంటుంది గానీ అవి రికార్డ్ చేసేది 1080, 30 ఫ్రేములే, మన అవసరానికి చాలు. కేబుల్ పొడవు పది మీటర్లు దాటితే చౌక హెచ్‌డీఎంఐ కేబుల్ హఠాత్తుగా బొమ్మ ఆపేస్తుంది, అప్పుడు ల్యాన్ కేబుల్ మీద నడిచే హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ జత తీసుకోండి. వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ జోలికి మాత్రం వెళ్లొద్దు, అవి ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తాయి కాబట్టి డ్రోన్ సిగ్నల్‌కి దగ్గర్లో ఇంకో గొడవ పెట్టుకున్నట్టే.

రైజ్ కంపెనీ టెల్లో డ్రోన్ ఉన్న స్టూడెంట్లకి ఒక మాట, 80 గ్రాముల ఆ డ్రోన్ వీడియోని ల్యాప్‌టాప్‌కి నేరుగా పంపిస్తుంది. ల్యాప్‌టాప్‌ని దాని వైఫైకి కలిపి, 192.168.10.1 కి 8889 పోర్టులో ఇంగ్లీషులో కమాండ్ అని, తర్వాత స్ట్రీమ్ఆన్ అని (మధ్యలో స్పేస్ లేకుండా) పంపిస్తే 11111 పోర్టులో వీడియో వచ్చి పడుతుంది. పైథాన్ లైబ్రరీలు రెడీగా ఉన్నాయి, ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ టీవీకి ఇచ్చేస్తే క్లాసంతా చూడొచ్చు.

ఇక గాగుల్స్

మినీ 2 లాంటి కెమెరా డ్రోన్ ఉన్నవాళ్లు డీజేఐ గాగుల్స్ కొనేస్తే కలిసిపోతాయి అనుకుంటారు. కలవవు. డీజేఐ గాగుల్స్‌లో చౌకైన ఎన్3 కూడా నియో, అవాటా 2 లాంటి వాటికే, మినీ 2 కి కాదు. మినీ 2 వాళ్లకి చౌక దారి ఏంటంటే ఫోన్ పెట్టుకునే వీఆర్ బాక్స్, దానికి తోడు లిచీ అనే పెయిడ్ యాప్, అందులో వీఆర్ మోడ్ ఉంది, స్క్రీన్‌ని రెండు కళ్లకి రెండు బొమ్మలుగా చీల్చి చూపిస్తుంది. రిమోట్‌తో వచ్చే పొట్టి కేబుల్ ముఖం దాకా అందదు, మీటరు పొడవు డేటా కేబుల్ వేరే కావాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పనికిరాదు. నిజం చెప్పాలంటే ఇది చూడటానికి సరదాగా ఉంటుంది గానీ ఎగరేయడానికి బాగోదు. పక్కన కూర్చున్నవాళ్లకి తగిలించి మీరు మామూలుగా ఎగరేద్దామన్నా, ఆ ఫోనే మీ స్క్రీన్ కాబట్టి అదీ కుదరదు.

అసలు గాగుల్స్ మజా అనలాగ్ ఎఫ్‌పీవీలో ఉంది, చౌక కూడా అదే. అనలాగ్‌లో గొప్పతనం ఏంటంటే డ్రోన్ మీద ఉన్న వీడియో ట్రాన్స్‌మిటర్ ఊరందరికీ వినపడేలా మైకులో చెప్పినట్టు పంపిస్తుంది, అదే ఛానెల్‌లో ఉన్న రిసీవర్ ఎన్నైనా చూడొచ్చు, పెయిరింగ్ లేదు, లిమిట్ లేదు. మీకు గాగుల్స్, మీ తమ్ముడికి ఫోన్, ఇంట్లోవాళ్లకి టీవీ, అన్నీ ఒకేసారి.

పైలట్‌కి: ఈచైన్ ఈవీ800డీ లాంటి బాక్స్ గాగుల్స్, రెండు యాంటెన్నాలు, లోపలే రికార్డింగ్, కళ్లజోడు ఉన్నవాళ్లకి కూడా కాస్త సర్దుకుంటుంది. మొదటి జత ఇలాంటిది చాలు.

పక్కవాళ్లకి: 5.8 గిగాహెర్ట్జ్ ఓటీజీ రిసీవర్, ఫోన్‌కి తగిలించేది. గోఎఫ్‌పీవీ యాప్ వేసుకుని, రిసీవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఛానెల్ అదే వెతుక్కుంటుంది. ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలో ముందు సెట్టింగ్స్‌లో ఓటీజీ ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది కూడా, రిసీవర్ పాడైపోయింది అనుకుని వెనక్కి పంపేముందు ఇది చూడండి. దీన్లో డిలే ఉంటుంది కాబట్టి ఇది చూసి ఎగరేయొద్దు.

టీవీకి: ఆర్‌సీ832 లాంటి డబ్బా రిసీవర్, 12 వోల్టులు, సెట్‌టాప్ బాక్స్ పాత అడాప్టర్ 12 వోల్టులదైతే పిన్ సరిపోతే చాలు, కానీ ప్లస్ మైనస్ గుర్తు చూసుకోండి. దాని పసుపు పిన్ టీవీ వెనక ఏవీ ఇన్‌లో పెట్టి, టీవీ రిమోట్‌లో సోర్స్ ఏవీకి మార్చండి. డొక్కు డబ్బా టీవీ ఎవరింట్లోనైనా మిగిలుంటే అదే బెస్ట్, మధ్యలో డిజిటల్ మార్పిడి ఏదీ ఉండదు కాబట్టి డిలే లేదు. కొత్త టీవీకి పసుపు పిన్ లేకపోతే ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ నాలుగైదు వందలకి వస్తుంది, దానికి యూఎస్‌బీ కరెంటు ఇవ్వకుండా బొమ్మ రావట్లేదనేవాళ్లు చాలామంది. ఇంకోటి, సిగ్నల్ కొంచెం తగ్గగానే చాలా టీవీలు గింజలు గింజలుగా చూపించకుండా మొత్తం నీలం స్క్రీన్ వేసేస్తాయి. మెనూలో బ్లూ స్క్రీన్ లేదా బ్లూ బ్యాక్ ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయండి.

కరెంటు ఇచ్చేముందు యాంటెన్నా. ట్రాన్స్‌మిటర్‌కి యాంటెన్నా లేకుండా పవర్ ఇచ్చారా, అది కాలిపోవచ్చు. యాంటెన్నా కొనేటప్పుడు కనెక్టర్ మధ్యలోకి తొంగి చూడండి, ఎస్‌ఎంఏ, ఆర్‌పీ-ఎస్‌ఎంఏ అనే రెండు రకాల కనెక్టర్లూ పైకి ఒకేలా ఉండి మరలు చక్కగా బిగిసిపోతాయి, కానీ రెండు వైపులా రంధ్రాలే ఉంటే లోపల ఏదీ తగలదు, యాంటెన్నా పెట్టీ పెట్టనట్టే. ఒక వైపు సూది, ఒక వైపు రంధ్రం ఉండాలి. డ్రోన్ మీద ఆర్‌హెచ్‌సీపీ (సిగ్నల్‌ని కుడివైపు తిప్పుతూ పంపే) యాంటెన్నా ఉంటే గాగుల్స్‌కీ అదే ఉండాలి, ఎడమవైపు తిప్పే ఎల్‌హెచ్‌సీపీ కలిపితే రేంజ్ దారుణంగా పడిపోతుంది.

ఛానెల్: మన దేశంలో 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్స్ అక్కర్లేదని 2018లో చేశారు. రేస్‌బ్యాండ్ అనే ఎఫ్‌పీవీ ఛానెళ్ల వరసలో ఆర్4 అంటే 5769, ఆర్5 అంటే 5806, ఆర్6 అంటే 5843, ఈ మూడూ అందులో హాయిగా పడతాయి. ఆర్1, ఆర్2, ఆర్7, ఆర్8 ఆ హద్దులకి బయట ఉన్నాయి, వాటిని ముట్టుకోకండి. టేబుల్ మీద సెట్ చేసేటప్పుడు పవర్ 25 మిల్లీవాట్లలో పెట్టండి, గాలి తగలకపోతే ట్రాన్స్‌మిటర్ వేడెక్కి ఆగిపోతుంది, చిన్న ఫ్యాన్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

గాగుల్స్ పెట్టుకున్నాక మీకు ఆకాశం కనపడదు, పక్కన ఒక మనిషి డ్రోన్‌ని కళ్లతో చూస్తూ నిలబడాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఇది రూలే, సరదాకి ఎగరేసినా పక్కన అబ్జర్వర్ ఉండాలి. ఇక్కడ ఎగరేసేవాళ్లు ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) అవునో కాదో చూసుకోండి, గ్రీన్‌లో కూడా 400 అడుగులే. పెళ్లి షూట్ అంటే డబ్బు తీసుకునే పని, 250 గ్రాములు దాటిన డ్రోన్ అయితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడుగుతారు.

చివరగా డిలే కొలుచుకోండి

అంతా కలిపాక ఇది చేస్తే గానీ ఈవెంట్‌కి వెళ్లొద్దు. డ్రోన్‌ని నేల మీదే, ప్రొపెల్లర్లు తిరగకుండా ఉంచి, ఒక ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి కెమెరా ముందు పెట్టండి. ఆ ఫోనూ, టీవీ స్క్రీనూ రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా ఇంకో ఫోన్‌తో ఫోటో తీయండి. ఫోన్‌లో 14.82 ఉండి టీవీలో 13.10 ఉందనుకోండి, మీ డిలే 1.72 సెకన్లు. నాలుగైదు ఫోటోలు తీసి చూడండి, అంకె పెద్దగా మారకుండా ఉంటే సెటప్ బాగున్నట్టు, ఫోటో ఫోటోకీ పెరిగిపోతుంటే ఓబీఎస్ బఫరింగో, వైఫై బ్యాండో చూసుకోవాలి. ఎల్‌ఈడీ వాల్‌కి రెండు సెకన్ల దాకా పర్లేదు. స్టేజీ మీద డాన్స్ జరుగుతుంటే మాత్రం డ్రోన్‌ని స్టేజీ మీద నుంచి తిప్పి ఊరేగింపు వైపో, లైటింగ్ వైపో పెట్టండి, పాటకీ స్టెప్పుకీ తేడా వచ్చిందంటే అందరూ స్క్రీన్ వదిలేసి మీవైపే చూస్తారు.